తిరిగొచ్చిన తాబేలు

నా ఆఖరి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ కాస్త నీళ్ళు నములుతాను. కార్డుల కంపెనీలో చేశానంటే పేకాట అనుకుంటారు. మా ఆడపడుచు పదేళ్ళుగా అలాగే అనుకుంటోంది, నేనూ దిద్దడం మానేశాను. పేకాట కాదు. మంత్రగాళ్ళు, రాక్షసులు, చిత్రమైన జంతువులు ఉండే బొమ్మల కార్డుల ఆట. ఇద్దరు చెరో కట్టా పట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. తమ జంతువుల్ని బల్ల మీద కాపలా పెట్టుకుని, మంత్రాలు వేసుకుంటూ అవతలివాళ్ళ ప్రాణాలు సున్నాకి దించాలి. ఆ ఆటకి నియమాల పుస్తకం రాయడం, పోటీలు జరిగేటప్పుడు పెద్ద జడ్జిగా తగువులు తీర్చడం నా పని. అరవై దాటిన ఆడమనిషి రాక్షసుల తగువు తీర్చడమేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను చాలాసార్లు.

మీ కుర్రకారులో కొందరు ఇలాంటి కొలువుల్లోకి వెళ్తున్నారని విన్నాను. అందుకని ఒక్కరోజు సంగతి చెప్తాను. నేను బాగా చేసిన రోజులు కూడా ఉన్నాయి గానీ వాటితో మీకు పనిలేదు.

ముప్పై ఏళ్ళు కోల్‌కతా భవానీపూర్‌లో ఓ సరుకు బీమా ఆఫీసులో కూర్చుని పాలసీల్లో మాటలు దిద్దాను. ‘తడిసిన’ అంటే ఎంత తడిస్తే తడిసినట్టు, ‘పోయిన’ అంటే ఎప్పుడు పోయినట్టు, ఇదే బతుకు. ఆ ఆఫీసు మూతపడ్డాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఉంటే, మా పాత సహోద్యోగి మేనల్లుడు వచ్చాడు. న్యూ టౌన్‌లో ఆటల కంపెనీ పెట్టాడట. నాకన్నా పాతికేళ్ళు చిన్నవాడైనా ఆఫీసంతా అతన్ని దాదా అనేది, అన్న అని, నేనూ దాదా అనేదాన్ని. “దిది, మా ఆటగాళ్ళు ఒక్కో మాట పట్టుకుని గంటసేపు కొట్టుకుంటున్నారు. మాటలకి కళ్ళెం వేసే మనిషి కావాలి,” అన్నాడు. సరేనన్నాను.

మంత్రాల సంగతి రెండు ముక్కల్లో చెప్పకపోతే ముందుకి వెళ్ళలేను. మీరు మంత్రం వేయగానే అది జరిగిపోదు. బల్ల మీద పెట్టి ఆగుతారు. అవతలివాళ్ళకి జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి. వాళ్ళు ఇంకో మంత్రంతో జవాబిస్తే దాన్ని మీ దాని మీద పెడతారు. ఇద్దరూ చాలనుకున్నాక పైనున్నది ముందు జరుగుతుంది, కిందున్నది తర్వాత. నాకు ఇది మొదటి రోజే అర్థమైంది. మా నాన్న ఓడరేవు డాకులో టాలీ క్లర్కు, ఓడ దగ్గర నిలబడి పెట్టెల మీద గుర్తులు చూసి రాసుకునే పని. ఓడ కడుపులో ఆఖరున వేసిన పెట్టె ముందు బయటికొస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఈ ఓడ కథే చెప్పి నేర్పేదాన్ని, అందరికీ ఠక్కున ఎక్కేది.

ఇంకో నియమం నా సొంత తెలివి. జవాబు చెప్పాల్సిన మనిషి మాట్లాడకుండా కూర్చుంటే ఏం చెయ్యాలి? గంటలు గడిచిపోయేవి. అందుకని ఐదు దాకా లెక్కపెట్టాలని రాశాను. ఐదు అయ్యేలోగా మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. ఇది రాసినప్పుడు దాదా బల్ల చరిచి మరీ మెచ్చుకున్నాడు.

మా ఆటని తయారుచేసే కుర్రవాడు తెలంగాణవాడు, వరంగల్ వైపు. ఆఫీసులో తెలుగు మాట్లాడుకోడానికి నాకున్న ఒకే ఒక్క దిక్కు. ఒకసారి అతనికీ నాకూ వారం రోజులు పోట్లాట నడిచింది. పొగమంచు అనే మంత్రం వల్ల ఒక జంతువు బల్ల మీంచి లేచిపోయి మళ్ళీ వచ్చిందనుకోండి. అది పాత జంతువా, కొత్తదా? కొత్తదే అంటాడతను. పాతదే అంటాను నేను.

“ఓడలోంచి దించి మళ్ళీ ఎక్కించిన పెట్టె అదే పెట్టె కదా నాయనా, గుర్తు మారదు కదా,” అన్నాను.

“ఇది పెట్టె కాదు మేడం. గట్లయితే పొగమంచు కార్డు ఎవ్వలు కొంటరు? దెబ్బ తప్పించుకునేటందుకే గద అది,” అన్నాడు.

చివరికి అతనిదే పైచెయ్యి అయింది. నేనే పుస్తకంలో రాశాను: వెళ్ళి తిరిగొచ్చిన జంతువు కొత్త జంతువు, పాతదాని మీద వేసిన మంత్రం దానికి తగలదు. చేత్తో రాశాను గానీ మనసు ఒప్పుకోలేదు. మనసు ఒప్పుకోని నియమం అవసరానికి గుర్తు రాదని అప్పటికి నాకు తెలీదు.

ఆ రోజు ఆదివారం, మా పెద్ద పోటీ, న్యూ టౌన్‌లో అద్దెకి తీసుకున్న హాల్లో. పొద్దున్నే పేర్లు రాయించుకునే వరసలో ఓ అమ్మాయి ఫోన్లో మాట్లాడుతోంది. “అమ్మా, నాను వొచ్చీసాను గానీ నువ్వు మందు ఏసుకున్నావా నేదా?” నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. కోల్‌కతాలో ఎంతకాలమున్నా మా ఊరి వైపు యాస వినపడితే కాళ్ళు అటే నడుస్తాయి.

“ఏటమ్మా, ఏవూరి తాలూకా మీరు?” అన్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఉంటారట, తాతల నాటి నుంచి డాకు పనే, అసలు ఊరు పలాస దగ్గర. తను కొరియర్ గోడౌన్‌లో పార్సిళ్ళు స్కాన్ చేస్తుంది. తెలుగు చదవడం రాదు, మా నియమాల పుస్తకం బెంగాలీలో చదువుకుందట. ఇద్దరం టీ తాగాం. పైకి నవ్వుతోందే గానీ మాటిమాటికీ ఫోన్ తీసి చూసుకుంటోంది.

“సెలవు ఇవ్వనన్నారు పిన్నీ. సెప్పకుండా వొచ్చీసాను. రేపట్నించి ఉంచుతారో నేదో తెల్దు. ఫైనల్‌కి ఎళ్తే మీ ఆఫీసులో ఉద్యోగం ఇస్తారంట కదా?”

ఇస్తారు. ఫైనల్‌కి వచ్చిన ఇద్దరికీ ఉద్యోగమని దాదా ప్రకటించాడు. కొత్త కార్డులు అచ్చుకి వెళ్ళేముందు ఆడి చూసి తప్పులు పట్టే పని. ఆ మాటే చెప్పి, “భయపడకు, బాగా ఆడు,” అన్నాను.

అప్పుడే పక్కనుంచి వెళ్తున్న ఓ ఆటగాడు ఆగాడు. భవానీపూర్ బడిలో భూగోళం మాస్టారు, నెమ్మదస్తుడు, నాకు ముఖపరిచయం. “ఏం దిది, మీ దేశేర్ లోకా?” అన్నాడు నవ్వుతూ. మీ ఊరి మనిషా అని. అందులో ఏ విషమూ లేదు. కానీ నాలో ఏదో చివుక్కుమంది. జడ్జి బిళ్ళ మెళ్ళో వేసుకుని ఒక ఆటగత్తెతో టీ తాగడమేమిటి నేను? కప్పు అక్కడే పెట్టేసి లేచిపోయాను. ఆ తర్వాత ఆ అమ్మాయి వైపు చూడనైనా చూడలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి సెమీ ఫైనల్. ఒక బల్ల దగ్గర ఆ అమ్మాయీ మాస్టారూ. కాసేపటికి ఆ బల్ల దగ్గరే చెయ్యి లేచింది, జడ్జి కావాలని. వెళ్ళాను. చుట్టూ జనం, పైన కెమెరా, ఆట ఆన్‌లైన్‌లో వెళ్తోంది.

తగువు ఇది. అమ్మాయి దగ్గర కాపలాకి ఒక్క ముసలి తాబేలు మిగిలింది. మాస్టారు దాని మీద పిడుగు వేశారు. ఆ పిల్ల జవాబుగా పొగమంచు వేసింది. పైనున్నది ముందు జరగాలి కాబట్టి తాబేలు మంచులో మాయమై మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. ఇప్పుడు కిందున్న పిడుగు వంతు. తాబేలు ఇక్కడే ఉంది కదా, చావాలి అంటారు మాస్టారు. ఇది కొత్త తాబేలు, పిడుగు వృథా అంటుంది అమ్మాయి.

ఇద్దరూ నా మొహం చూశారు. అమ్మాయి కళ్ళలో ఒక నమ్మకం కనపడింది. అది చూడగానే నాకు భయమేసింది. ఈ పిల్లకి అనుకూలంగా చెప్తే ఏమంటారు? పొద్దున టీ తాగింది మాస్టారు చూశారు. తెలుగువాళ్ళు తెలుగువాళ్ళు ఒకటైపోయారంటారు. ఆ భయంలోంచి చూస్తే నాకు నాన్న పెట్టె కనపడింది. దించి ఎక్కించినా అదే గుర్తు, అదే పెట్టె.

“అదే తాబేలు. పిడుగు తగులుతుంది,” అన్నాను బెంగాలీలో.

ఆ అమ్మాయి తనూ బెంగాలీలోనే అడిగింది. “మేడం, ఒకసారి పుస్తకం చూస్తారా?”

“పుస్తకం నేనే రాశాను,” అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల తాబేలుని తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత రెండు ఎత్తుల్లో ఓడిపోయింది. లేచి మాస్టారికి నమస్కారం పెట్టి, కార్డులు అంచులు కలిపి సర్దుకుని డబ్బాలో పెట్టుకుంది.

నేను భోజనానికి కూర్చున్నాను. మనసులో గర్వంగానే ఉంది. మనవాళ్ళని కూడా చూడకుండా తీర్పు చెప్పానని. అలాంటి గర్వం వచ్చినప్పుడు మనిషి ఒకసారి తన మొహం అద్దంలో చూసుకోవాలి. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఈసారి తెలుగులో, మెల్లగా అడిగింది. “పిన్నీ, ఆ నియమం ఏ పేజీలో ఉన్నాది? మళ్ళీ తప్పు సెయ్యకుండా సదూకుంటాను.”

“చూసి చెప్తానమ్మా,” అన్నాను.

ఆమె వెళ్ళి గుమ్మం దగ్గర మెట్ల మీద కూర్చుంది. నేను ఎడం చేత్తో పుస్తకం తీసి తిరగేశాను. నలభై ఒకటో పేజీ. నేను రాసిన వాక్యమే. వెళ్ళి తిరిగొచ్చిన జంతువు కొత్త జంతువు.

మళ్ళీ చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను, మాటలు మారతాయన్నట్టు.

ఇంకా దారి ఉంది. అదీ నేను రాసిందే. తగువొచ్చిన ప్రతిసారీ బల్ల ఫోటో తీసి ఉంచుతాం. తీర్పు తప్పని తేలితే ఆ ఫోటో ప్రకారం కార్డులు మళ్ళీ పరిచి అక్కణ్ణించి ఆడించాలి. కాకపోతే తర్వాతి ఆటలో మొదటి కార్డు తీసేలోగానే. తీశాక తప్పు తీర్పైనా అదే ఖాయం. ఫైనల్ మూడింటికి. గడియారం చూశాను, ఒకటిన్నర.

మా తెలంగాణ కుర్రవాడి దగ్గరికి వెళ్ళి పుస్తకం చూపించాను. అతను ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివాడు.

“నాకు అప్పుడే డౌటొచ్చింది మేడం. మీరు పుస్తకం నేనే రాసిన అనంగనే నోరు మూసుకున్న. దాదాకి నేను చెప్పాల్నా?”

“వద్దు. తప్పు నాది. నేనే చెప్తాను.”

“జల్ది చెప్పుండ్రి మరి. ఆ పోరి ఇంక ఆడనే కూసున్నది.”

దాదాని వెతుక్కుంటూ వెళ్ళాను. మా కార్డులు అమ్మే బయట ఊళ్ళ దుకాణాలవాళ్ళు చుట్టూ ఉన్నారు. నన్ను చూడగానే భుజం మీద చెయ్యేసి వాళ్ళకి పరిచయం చేశాడు. “మా దిది. ఈమె తీర్పు ఇచ్చిందంటే ఇక తిరుగులేదు. అందుకే మా ఆటంటే జనానికి నమ్మకం.” అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను. తర్వాత చెప్దాం అనుకుని ఇవతలికి వచ్చేశాను.

మళ్ళీ రెండింటికి వెళ్ళాను, ఫోన్లో ఉన్నాడు. రెండున్నరకి వెళ్తుంటే దారిలో మాస్టారి భార్య ఎదురై నా నోట్లో సందేశ్ పెట్టింది. వాళ్ళాయన ముప్పై ఏళ్ళలో ఏ పోటీలోనూ ఇంతదూరం రాలేదట. ఆ మిఠాయి మింగడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఆయన తప్పు ఏముంది? మెట్ల మీద అమ్మాయి తప్పు మాత్రం ఏముంది? తప్పంతా ఎవరిదో తెలిసిన మనిషి ఆ హాల్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది. మూడుసార్లు బాత్రూంకి వెళ్ళొచ్చాను. ప్రతిసారీ మెట్ల పక్కనుంచే వెళ్ళాలి. ఆమె ప్రతిసారీ తలెత్తి చూసింది. “చూస్తున్నానమ్మా,” అంటూ దాటిపోయాను. ఇలాంటి అబద్ధం నా ఉద్యోగంలో ఎన్నడూ ఆడలేదు.

మూడైంది. ఫైనల్ బల్ల దగ్గర మాస్టారు ఒకవైపు, రెండో సెమీ ఫైనల్ గెలిచిన ఆటగాడు ఒకవైపు. మొదటి కార్డు తీసేముందు పెద్ద జడ్జి మైకు పట్టుకుని ఒక మాట అడగాలి. ఆ ఆనవాయితీ పెట్టింది కూడా నేనే.

“ఇంతవరకూ జరిగిన ఆటల మీద ఎవరికైనా అభ్యంతరముందా?”

అడిగి, ఐదు దాకా లెక్కపెట్టాలి.

ఒకటి. మాస్టారు కట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. రెండు. కుర్రవాడు నావైపే చూస్తున్నాడు, పెదాలు కదుపుతున్నాడు. మూడు. అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె అభ్యంతరం చెప్తే బాగుండుననుకున్నాను. చెప్తే నేను వెంటనే ఒప్పుకుంటాను, నా నోటితో మొదలుపెట్టక్కర్లేదు. ఆమె మాట్లాడలేదు. నాలుగు. నాలుగు అన్నాక ఆగాను. మైకులో నా ఊపిరి నాకే వినపడింది. తీర్పు తప్పు, అని రెండే మాటలు. నాలిక చివరిదాకా వచ్చాయి. పైన కెమెరా ఎర్రదీపం, దాదా నవ్వుమొహం, పుస్తకం నేనే రాశానన్న నా గొంతు.

“ఐదు. మొదలుపెట్టండి,” అన్నాను.

మాస్టారు మొదటి కార్డు తీశారు.

ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఫైనల్లో మాస్టారు గెలిచారు. సోమవారం పొద్దున్నే దాదాకి అంతా చెప్పాను. “ఛేడే దిన్, దిది,” అన్నాడు, వదిలెయ్యండి అని. నేను వదల్లేదు. మా ఆట పేజీలో నా తప్పు నేనే రాసి పెట్టి, జడ్జి బిళ్ళ అతని బల్ల మీద పెట్టేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. రెండు నెలలకి తనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఉద్యోగం ఇస్తానన్నాడు. అప్పటికి పాత గోడౌన్‌వాళ్ళు తీసేశారు. ఇంకెక్కడో దూరంగా మరో గోడౌన్‌లో చేరిందట, బాండు రాయించుకున్నారట, ఏడాదిదాకా మానడానికి లేదట. ఆదివారాలు కూడా సెలవు లేదు. మళ్ళీ ఏ పోటీలోనూ ఆమె కనపడలేదు. ఇంకో ఏడాది నియమాలు మాత్రం రాసి నేను రిటైరయ్యాను.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ ఆదివారం సాయంత్రం సంగతి. బహుమతులు ఇస్తుండగా గోడ దగ్గర చూస్తే అమ్మాయి లేదు. పరుగులాంటి నడకతో బస్టాపుకి వెళ్ళాను. ఒళ్ళో కార్డుల డబ్బా పెట్టుకుని బెంచీ మీద ఉంది. ఎదురుగా మెట్రో స్తంభాల మధ్య ఎండ వాలుతోంది. పక్కన కూర్చున్నాను. ఆయాసం తీరేదాకా కూడా ఆగలేదు.

“నలభై ఒకటో పేజీ. నువ్వు చెప్పిందే నిజం. అది కొత్త తాబేలే. నేను తప్పు చెప్పానమ్మా.”

ఆమె తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

“తెల్సు పిన్నీ.”

“ఏటి తెలుసు?”

“నలపై ఒకటో పేజీ అని. రాత్రి కూడా సదివాను. ఆ కార్డు అందుకే ఎట్టుకున్నాను కదా కట్టలోన.”

“మరి నన్నెందుకు అడిగావు?”

ఆమె డబ్బా మూత సరిచేసుకుంది. “మీరు సూస్తారని అడిగాను. అందరి ముందు మీది తప్పని నాను ఎలగ అంటాను? మనోళ్ళు. మీరు నా పచ్చం సెప్పినా మీ పరువు పోద్ది, నాను మీతో దెబ్బలాడినా పోద్ది. మీరే సూసుకుని, మీరే సెప్తే బాగుంటాదని...”

నేను భయపడింది నా పరువు కోసం. ఆమె భయపడిందీ నా పరువు కోసమే. ఈ మాట నాకు అక్కడ, ఆ బెంచీ మీద గానీ తట్టలేదు. క్షమించమని ఎలా అడగాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

బస్సు వచ్చింది. లేచి నిలబడి, నన్నే ఓదార్చినట్టు నా భుజం ఒకసారి నిమిరింది.

“నాను కూడా లెక్కెట్టాను పిన్నీ,” అంది. “నాలుగు కాడ ఆగారు కదా. అప్పుడు సెప్తారనుకున్నాను.”